గట్టు మీద ఒట్టు

“కుక్కరు పెట్టావా?” అన్నాడు రాజ్ బాత్రూంలోంచి, బ్రష్షు నోట్లో ఉండగానే.

పెళ్ళాన్ని మొదటిసారి దేశం దాటిస్తున్న మగవాడు అడగదగ్గ ప్రశ్నలు ఇంకా చాలా ఉన్నాయని కుసుమకుమారికి అనిపించింది. చలికి ఏమైనా పెట్టుకున్నావా, విమానమంటే భయంగా ఉందా, సంతోషంగా ఉందా, ఇలాంటివి. కానీ ఆయన ఏ ఊరు వెళ్తున్నా మొదటి ఆలోచన అక్కడి అన్నం గురించే. అరకు అయినా అంతే, గ్రీసు దేశమైనా అంతే. అందుకని ఎలక్ట్రిక్ కుక్కర్ని పెట్టె నడిమధ్య కూర్చోబెట్టి, దాని కడుపులో చింతపండు, ఎండుమిరపకాయలు, కందిపప్పు కుక్కి, చుట్టూ తన బట్టలు సర్దింది. బట్టలు నలిగినా ఫరవాలేదు, కుక్కరు సొట్టపడకూడదు.

“పెట్టానండీ,” అంది.

ఈ “అండీ” వైజాగ్ సీతమ్మధారలో ఫ్లాట్ కొన్నాక వచ్చింది. అంతకుముందు “బావా” అనేది. నిజంగానే బావ, మేనత్త దేముడమ్మ కొడుకు. పేరు అప్పలరాజు. జాలారిపేటలో తల్లి తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మి పెంచితే, ఆటోనగర్లో లేత్ షెడ్డులో పనికి చేరి, మెల్లగా ఇనప కడ్డీల డీలరు అయ్యాడు. షాపు పెరిగేకొద్దీ పేరు తరిగింది. విజిటింగ్ కార్డు మీదకొచ్చేసరికి “ఏ. రాజ్” మిగిలింది. షాపుకి మాత్రం భార్య పేరే పెట్టాడు, కుసుమ స్టీల్స్ అని. పేరు పెట్టినవాడు జీతం పెట్టలేదు. జీఎస్టీ రిటర్నులు ఆమె వంటింటి బల్ల మీద కూర్చుని వేస్తుంది. ఎవరైనా “మేడం ఏం చేస్తారండీ” అంటే మాత్రం “ఖాళీయే, ఇంట్లోనే ఉంటది” అంటాడు. ఫ్లాటుతో పాటు మరో కట్టడి కూడా వచ్చింది: ఎండుచేపలు వేయించకూడదు, లిఫ్టులోకి వాసన వస్తుంది, పక్క ఫ్లాటువాళ్ళు ఏమనుకుంటారు.

కంపెనీ వాళ్ళు ఏటా టార్గెట్ కొట్టిన డీలర్లకి విదేశీ టూరు ఇస్తారు. ఇంతకాలం బ్యాంకాక్. దానికి భార్యల్ని తీసుకెళ్ళే ఆనవాయితీ లేదు, ఎందుకో ఎవరూ అడగరు. ఈసారి గ్రీసు. అక్కడ నోరు తిరగని పేరున్న ఒక చిన్న దీవి, భార్యాసమేతంగా.

“అమ్మనెవరు చూస్తారు? పోనీ నువ్వుండిపోరాదూ,” అన్నాడు మొదట, చాలా ఉదారంగా.

“అత్త పాస్‌పోర్టు బీరువాలో ఉందండీ,” అంది కుసుమ. తనది చేయించుకున్నప్పుడే ఎందుకైనా మంచిదని ఆవిడకీ చేయించింది. వరండాలో చాట ముందేసుకుని బియ్యం ఏరుతున్న దేముడమ్మ తలెత్తకుండానే అంది, “నానూ వత్తాన్రా. ఆ దేశంలో మాత్తరం మడుసులుండరేటి?”

అలా ముగ్గురయ్యారు. బయల్దేరేముందు ఆవిడ కోడల్ని పక్కకి పిలిచి అడిగింది. “ఒలే కుసుమా. అక్కడా సముద్రమేనంట కదా?”

“సముద్రమే అత్తా.”

“ఒట్టు గ్నాపకం ఉన్నాదా?”

ఉంది. ఎలా మర్చిపోతుంది? దేముడమ్మ పెనిమిటి ఒక వేకువన వేటకెళ్ళాడు. పడవ తిరిగొచ్చింది, ఆయన రాలేదు. శవమైనా ఒడ్డుకి కొట్టలేదు. ఆనాటి నుంచీ ఆవిడ సముద్రంలోంచి వచ్చిన చేపని అమ్మింది తప్ప సముద్రం వైపు తిరిగి కూర్చోలేదు. ముక్కు కారే వయసులో ఉన్న కొడుకు చెయ్యి తన నెత్తిన పెట్టించుకుని, నీళ్ళలో దిగనని ఒట్టు వేయించుకుంది. కుసుమ కోడలై వచ్చిన రోజున, కాళ్ళ పారాణి ఆరకముందే, ఆమె చేతా వేయించుకుంది. ఒట్టు తప్పితే ఎవరి నెత్తిన చెయ్యి పెట్టామో ఆ మనిషి పోతుంది. కుసుమ జువాలజీ చదివింది. ఒట్లకీ చావులకీ సంబంధం లేదని తెలుసు. తెలిసినంత మాత్రాన ప్రయోగం చేసి చూడ్డానికి మేనత్త నెత్తి ప్రయోగశాల కాదు కదా.

దేముడమ్మ కుసుమ దగ్గర ప్రత్యేకంగా ఒట్టు తీసుకోవడానికి కారణం ఉంది. కుసుమకి ఈత వచ్చు. మామూలు ఈత కాదు. ఆడపిల్ల తెప్ప ఎక్కితే గంగమ్మకి కోపమొస్తుందని పేటంతా అంటుంటే, ఆమె తండ్రి పైడయ్య “తెప్ప ఎక్కితే కదా కోపం, పక్కన ఈదితే ఏటి” అని చట్టంలో సందు కనిపెట్టి, నడుముకి తాడు కట్టి కూతుర్ని నీళ్ళలో వదిలాడు. అలలు దాటిన తరవాత నీళ్ళు నెమ్మదిస్తాయి. అక్కడ వెల్లకిలా తిరిగి తేలేది. చెవులు నీళ్ళలో మునిగితే లోకంలో ఎవరి మాటా వినపడదు. ఎవరో పిలుస్తూనే ఉంటారు, నోళ్ళు కదుల్తూ ఉంటాయి, మాటలు మాత్రం నీటి అవతలే ఆగిపోతాయి. పెద్దమనిషి అయ్యాక అది ఆగిపోయింది. పెళ్ళయ్యాక ఒట్టు పడింది. ఆ తరవాత బీచ్ రోడ్డుకి ఎన్నిసార్లు వెళ్ళినా ఆమెకి సముద్రమంటే చీర కుచ్చిళ్ళు రెండంగుళాలు ఎత్తి నిలబడడం, మరో చేత్తో అందరి మురీమిక్చర్ పొట్లాలు పట్టుకోవడం.

“గుర్తుంది అత్తా,” అంది.

దీవి అంటే నీళ్ళలో కూర్చున్న కొండ. రేవు కింద ఉంది, ఊరు పైన ఉంది, నడుమ అంతా మెట్లే. సింహాచలం మెట్లు ఎక్కుతున్నట్టే ఉంది గానీ పైన దేవుడికి బదులు వంటగది ఉంది. కంపెనీ వాళ్ళు కొండ వాలున నాలుగైదు తెల్ల ఇళ్ళు తీసుకున్నారు. ఒక్కదానికే వంటగది. “అది మాకివ్వండి సార్,” అని రాజ్ జోనల్ మేనేజరు శ్రీరామ్మూర్తిగారిని ముందే బతిమాలి తీసుకున్నాడు. “మా మిసెస్‌కి వంటంటే ప్రాణమండి. అందరికీ పప్పన్నం గ్యారంటీ.”

ఇల్లుగలావిడ కతెరీనా, కుసుమ వయసు మనిషే. తాళంచెవి ఇచ్చింది. ఇనప తాళంచెవి, దానికి కోడిగుడ్డంత బెండు ముక్క కట్టి ఉంది, అచ్చం వలకి కట్టే బెండులాగే. ఎందుకని కుసుమ సైగ చేస్తే, ఆవిడ చెయ్యి నీళ్ళలో పడినట్టూ మళ్ళీ పైకి తేలినట్టూ చూపించి నవ్వింది. రాజ్ దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి కుసుమకి ఇచ్చేశాడు. “నీ దగ్గరే ఉంచు. నాకెందుకు?”

నిజమే, ఆయనకెందుకు? ఉదయం ఉప్మా, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం మళ్ళీ అన్నం. మిగతా డీలర్లు ముందు మొహమాటపడ్డారు, తరవాత ఏ కూరో కూడా చెప్పడం మొదలుపెట్టారు. కుసుమ చూసిన గ్రీసు సింకు పైన కిటికీలోంచి కనపడేది. నీలం ముక్క ఒకటి, దాని అంచున గుమ్మడికాయలా గుండ్రంగా ఒక చర్చి, మేకలు. ఆ నీలాన్ని చూస్తూ ఆమె గిన్నెలు తోమేది. అల అన్నది లేదు. మన సముద్రంలాగా అరుస్తూ మీదకి రాదు. ఊరికే పడుకుని ఉంటుంది, ఎవరో వచ్చి కూర్చుంటారని పరిచిపెట్టిన దుప్పటిలాగా. గిన్నెలు తోముతున్న చెయ్యి మధ్యలో ఆగిపోయేది. నీళ్ళు వృథా అవుతున్నాయని రాజ్ వెనకనుంచి కుళాయి కట్టేసేవాడు.

మొదటిసారి అందరూ కలిసి ఒడ్డుకి దిగినప్పుడే అది జరిగింది.

మగవాళ్ళందరూ నిక్కర్లు వేసుకుని నీళ్ళలోకి నడిచారు. ఆడవాళ్ళందరూ గొడుగు కింద కూర్చున్నారు. మధ్యలో కుప్పగా తువ్వాళ్ళు, ఫోన్లు, కళ్ళద్దాలు, పర్సులు, చెప్పులు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. బస్టాండులో, గుళ్ళో, పెళ్ళిలో, ఇప్పుడు గ్రీసులో, చెప్పులు కాసే డ్యూటీ దానంతటదే ఆడవాళ్ళకి పడింది. దేముడమ్మ అలవాటు ప్రకారం సముద్రానికి వీపు పెట్టి కొండ వైపు తిరిగి కూర్చుంది.

“ఓ బామ్మగారూ, ఇటు చూడండి, అంకుల్ ఎంత క్యూట్‌గా ఉన్నారో!” అంది శ్రీసత్య. మధురవాడ డీలరు భార్య, చిన్నపిల్ల, చేతిలో ఫోను దించదు.

దేముడమ్మ తిరిగింది. కొడుకు నడుముకి ఎర్ర రబ్బరు ట్యూబు తగిలించుకుని ఛాతీ లోతు నీళ్ళలో ఉన్నాడు. ఒక చేతిలో బీరు డబ్బా.

ఆవిడ లేచి నిలబడింది. చేపలమ్మిన గొంతు, వీధి ఈ మూల నుంచి ఆ మూలకి వినపడేది. “అప్పలరాజూ!”

బీచంతా ఇటు తిరిగింది. నీళ్ళలో శ్రీరామ్మూర్తిగారు, “అప్పలరాజెవరండీ?” అని అడగడం కుసుమకి స్పష్టంగా వినిపించింది.

రాజ్ ట్యూబుతో సహా ఒడ్డుకొచ్చాడు. ముఖం ట్యూబు రంగులో ఉంది. “ఏటమ్మా, అందరి ముందూ!”

“నా మీద ఒట్టేసావురా,” అంది దేముడమ్మ. అరవలేదు. మెల్లగా అంది.

“అయ్యో అమ్మా! ఎప్పటి ఒట్టే అది? ఇది మన సముద్రమేటి? అలుందా, సుడుందా? ఇది పెద్ద స్విమ్మింగ్ పూలు. ఆ ఒట్టు వైజాగ్ సముద్రానికి.”

ఆ మాటలో కుసుమకి తలుపు తెరిచి కనిపించింది. ఆమె చాలా మామూలుగా, పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు అడిగింది. “అయితే నాదీ వైజాగ్ వరకేనాండీ?”

రాజ్ ఆమెని ఎగాదిగా చూశాడు. “నీకు వేరే.”

“ఆంటీకి ఈతొచ్చంట కదా అంకుల్! నాకు చెప్పారు,” అంది శ్రీసత్య ఉత్సాహంగా.

“ఈతా? ఈవిడా?” రాజ్ పెద్దగా నవ్వాడు, వెనకున్న వాళ్ళకి వినపడేలా. “ఎక్కడ, బకెట్లోనా?”

అందరూ నవ్వారు. కుసుమ కూడా నవ్వింది. అలాంటప్పుడు నవ్వడం కూడా ఇంటిపనిలో భాగమే. కానీ ఆయనకి తెలుసు. చిన్నప్పుడు ఒడ్డున ఇసకలో మోకాళ్ళు కావలించుకుని కూర్చుని, ఆమె తెప్ప పక్కన ఈదడం గుడ్లప్పగించి చూసిన పిల్లాడు ఆయనే. తను దిగలేని నీళ్ళలో మరదలు చేపలా తిరుగుతుంటే ఆ పిల్లాడి ముఖం ఎలా ఉండేదో ఆమెకి ఇప్పటికీ గుర్తుంది.

నీకు వేరే. ఆ సాయంత్రం ఉల్లిపాయలు తరుగుతూ ఆ మాటని ఆమె నోట్లో అటూ ఇటూ తిప్పుకుంది. కొత్త మాట కాదు. బ్యాంకు పరీక్ష పాసై ఉద్యోగం శ్రీకాకుళంలో వస్తే, మగాళ్ళు ఎక్కడైనా చేస్తారు, నీకు వేరే. జ్వరమొస్తే ఆయనకి మంచం, ఆమెకి మాత్ర, నీకు వేరే, నువ్వు తట్టుకుంటావ్. తండ్రి పైడయ్య పోయి ఆమె పుట్టింట్లో ఉంటే, దినం కాకముందే తొమ్మిదో రోజుకి రాజ్ షాపు మూసి వచ్చి, “పద, ఇంట్లో అన్నానికి ఇబ్బందిగా ఉంది” అన్నాడు. అదే ఆయన తండ్రి సంవత్సరీకాలకి ఊరంతటికీ భోజనాలు, మనకి వేరే. ఎప్పుడూ ఎవరూ ఆ వేరే ఏమిటో చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. అడిగితే చెప్పడానికి వాళ్ళ దగ్గర ఏమీ ఉండదని, అప్పుడు వాళ్ళ ముఖాలు చూడాల్సి వస్తుందని భయం. ఇవాళ అడిగింది. చెప్పడానికి నిజంగానే ఏమీ లేదు. ఉల్లిపాయలు మాత్రం చాలా ఘాటుగా ఉన్నాయి ఆ దేశంలో.

అన్నానికి పిలిస్తే దేముడమ్మ రాలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. మర్నాడు పొద్దున ఉప్మా ముట్టుకోలేదు, టీ తాగలేదు.

“కడుపులో బాగులేదా అత్తా?”

“బానే ఉన్నాది.”

“మరి మోకాళ్ళా?”

“బానే ఉన్నాయి.” పెట్టె వైపు వేలు చూపించి అంది, “ఆ నీలం సీర తియ్యే. అది కట్టు నాకు.”

నీలం చీర మనవరాలు, కుసుమ కూతురు సాయిదుర్గ, బెంగళూరులో మొదటి జీతంతో కొన్నది. అది దాచుకునే చీర. కుసుమ తీసి కట్టింది. దేముడమ్మ చీర సర్దుకుని వెల్లకిలా పడుకుని, చేతులు పొట్ట మీద పెట్టుకుంది.

“ఒలే. ఈ దేశంలో మడుసులు సచ్చిపోతే ఏటి సేత్తారు? కాలుత్తారా, పాతుతారా?”

అప్పుడు అర్థమైంది కుసుమకి. ఈవిడ చావు కోసం ఎదురు చూస్తోంది. కొడుకు ఒట్టు తప్పాడు కాబట్టి తను పోవాలి. ఏడవడం లేదు, కొడుకుని తిట్టడం లేదు. రైలు టైముకి ముందే స్టేషనుకొచ్చి పెట్టె పక్కన కూర్చున్న మనిషిలాగా సిద్ధమై పడుకుంది.

“అత్తా, ఒట్లకి మనుషులు పోరు. నేను చదువుకున్నాను కదా.”

“నీ సదువు నీకాడుంచుకో. ఆడు తప్పాడు. నానింక ఉండనే. నాను పోతే ఆడికి సెప్పకు, ఒట్టు వల్లని. బాదపడతాడు.”

కుసుమ బీపీ మిషను తెచ్చి పట్టీ చుట్టింది. అంకెలు మామూలుగానే ఉన్నాయి. ఆ మాట చెప్తే దేముడమ్మ నమ్మకం లేనట్టు మిషను వైపు చూసింది. తిండి లేదు, నీళ్ళు గుక్కెడు. డెబ్భై దాటిన మనిషి. నమ్మకంతో పోరు, సరే, నీరసంతో పోవచ్చు కదా. ఈ దీవిలో ఒక్కడే డాక్టరు, అతనూ పడవ మీద వస్తాడట. కుసుమ మెట్లు దిగి రేవుకి పరిగెత్తింది.

రాజ్ హోటలు బయట ఉన్నాడు. అక్కడ తీగ మీద ఆక్టోపస్‌లని, చేతులన్నీ వేలాడేసి, ఎండలో ఆరబెట్టారు. వాసన గాలంతా పట్టి ఉంది, అచ్చం జాలారిపేట ఇసక మీద చేపలు ఆరబెట్టిన వాసన. రాజ్ వాటి పక్కన నిలబడి శ్రీరామ్మూర్తిగారితో సెల్ఫీ తీసుకుంటున్నాడు. “ఆథెంటిక్ కదండీ సార్,” అంటున్నాడు. లిఫ్టులోకి వాసన వస్తుందని భయపడే మనిషి.

పక్కకి పిలిచి సంగతి చెప్పింది. ఆయన పళ్ళు కొరికాడు.

“గ్యాస్ అయ్యుంటది. వాము నీళ్ళియ్యి.”

“తిండి తినట్లేదండీ. మీరొచ్చి ఒక్క మాట చెప్పండి, తప్పయిపోయిందమ్మా అని. లేకపోతే...”

“తప్పేటి నాది? నీళ్ళలో దిగితే తప్పా?” గొంతు తగ్గించాడు. “చూడు. రేపు ఆఖరి రోజు. మధ్యాహ్నం సార్ మనింటికి భోజనానికి వస్తన్నారు. చేపల పులుసు. ఉత్తరాంధ్ర మొత్తం డిస్ట్రిబ్యూషన్ నాకా, ఆ మధురవాడోడికా అన్నది ఆ భోజనం దగ్గర తేలిపోద్ది. ఈ ముసలావిడ నాటకాలు రేపటి వరకూ నువ్వు మేనేజ్ చెయ్యి. అర్థమైందా? రేపొక్క రోజు నా పరువు తియ్యకు.”

తిరిగి మెట్లెక్కుతుంటే కుసుమకి ఒక ఆలోచన వచ్చింది, వచ్చి ఊరుకోలేదు. అదే నేను దిగి ఉంటే? ఆ ఒక్క పూట నేను ఆ నీళ్ళలో మోకాలి దాకా దిగి ఉంటే, ఇవాళ ఈవిడ ఇలా పడుకుని ఉంటే, వాము నీళ్ళతో పోయేదా? మా అమ్మని చంపేశావే అని ఈ కొండంతా వినపడేలా అరిచేవాడు కదా? ఒట్టు ఇద్దరం వేశాం. బరువు ఒక్కదాని మీదే పెట్టారు.

ఆ పూటంతా ఆమె అత్త పక్కనే కూర్చుంది. చెంచాతో నీళ్ళు పట్టింది. ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసింది. దేముడమ్మ ఒక కన్ను తెరిచి, “ఇంకా ఉన్నాను,” అంది, కాస్త విసుగ్గా.

ఆఖరి రోజు పొద్దున్నే రేవులో పడవలు రాగానే వెళ్ళి, కళ్ళు మెరుస్తున్న గులాబీరంగు చేపలు ఏరుకుని తెచ్చింది కుసుమ. చింతపండు నానబెట్టింది. పులుసు ఉడుకు పట్టి, మెంతులూ మిరపకాయా కలిసిన వాసన ఇల్లంతా కమ్ముకుంది. వెనక అలికిడైతే తిరిగి చూసింది. నీలం చీరలో దేముడమ్మ, వంటింటి గడప పట్టుకుని నిలబడి ఉంది.

“ఆకలేత్తంది,” అంది.

కుసుమ గరిట పడేసి, రాత్రి మిగిలిన అన్నంలో పులుసు పోసి ఇచ్చింది. ఆవిడ గడప మీదే కూలబడి తింది. ముల్లు తీసి, వేళ్ళు నాకి, మళ్ళీ పెట్టించుకుని తింది. తిన్నాక కంచంలో చెయ్యి కడుక్కుని చాలాసేపు ఆ నీళ్ళలోకే చూస్తూ కూర్చుంది.

“సావనేదే,” అంది.

“మంచిదే కదా అత్తా.”

“ఏటి మంచిది!” ఆవిడ కంచం పక్కకి తోసేసింది. “ఆడు ఒట్టు తప్పాడు, నాను సావనేదు. అంటే ఏటి? ఇన్నేళ్ళూ నా నెత్తి మీద ఏటీ నేదు. ఉట్టిదే. ఆడు అలా తీసి అవతల పారీసాడు, నువ్వు మాత్తరం మోత్తన్నావు. మా తమ్ముడు నీకు రెక్కలిచ్చాడు. నాను కట్టీసాను.”

పొయ్యి మీద పులుసు బుడబుడమంటోంది. కుసుమ మంట ఆపేసింది.

“నన్ను కిందకి దింపు,” అంది దేముడమ్మ.

“ఇప్పుడా? పన్నెండింటికి అన్నం పెట్టాలి అత్తా, ఆ సార్ వస్తారు. ఇన్ని మెట్లు దిగి మళ్ళీ...”

“దింపుతావా, నాను దేక్కుంటా దిగనా?”

కుసుమ తాళం వేసి, బెండు తాడు మణికట్టుకి చుట్టుకుంది. అత్త చెయ్యి తన భుజం మీద వేసుకుని ఒక్కో మెట్టూ దించింది. ఒడ్డున అంతా మామూలే. మగవాళ్ళు నీళ్ళలో, ఆడవాళ్ళు గొడుగు కింద, మధ్యన చెప్పుల కుప్ప. దేముడమ్మ వెళ్ళి ఆ కుప్ప పక్కన రాయి మీద కూర్చుంది. ఈసారి సముద్రం వైపు తిరిగి కూర్చుంది. ఆవిడ కళ్ళు మాత్రం మూసే ఉన్నాయి.

“సెయ్యి ఎట్టు నా నెత్తిన.”

కుసుమ పెట్టింది. నెరిసిన జుట్టు కింద ఆవిడ మాడు వెచ్చగా ఉంది. దేముడమ్మ ఆ చేతిని తన రెండు చేతులతో పట్టుకుని, నెత్తి మీంచి తీసి, పక్కనున్న రాతి మీద ఆనించింది. చిన్నపిల్లలు గచ్చకాయలాటలో అంటారే, అలాగే అంది. “ఒట్టు తీసి గట్టు మీద ఎట్టీసాను. ఎల్లు.”

రాయి ఎండకి చురుక్కుమంటోంది. కుసుమ చెయ్యి తియ్యలేదు. ఎన్నో ఏళ్ళుగా మూసి ఉన్న గది తలుపు తీస్తే ముందు వెలుతురు రాదు, దుమ్ము వస్తుంది. వయసు గుర్తొచ్చింది, ఒంటి మీదున్న పాత చుడీదారు గుర్తొచ్చింది. అన్నం గుర్తొచ్చింది.

“అన్నం పెట్టాలి అత్తా.”

“ఎవుడికి ఆకలేత్తే ఆడొండుకుంటాడు. సేతుల్లేవేటి?”

“ఆ డిస్ట్రిబ్యూషన్...”

“నానే పెద్ద డిస్ట్రిబ్యూషన్ సేసినాను, తట్ట నెత్తినెట్టుకుని. ఎవుడూ బోజనాలెట్టనేదు నాకు.” కళ్ళు తెరవకుండానే ఆవిడ కుసుమ కాళ్ళ దగ్గర చెయ్యి చాచింది. “సెప్పులిలా ఇయ్యి. నాను కాత్తాను.”

కుసుమ చున్నీ విప్పి అత్త ఒళ్ళో పెట్టింది. చెప్పులు విడిచింది. శ్రీసత్య ఫోను దించి నోరు తెరుచుకుని చూస్తోంది. “ఆంటీ, నిజంగానా?”

నీళ్ళు మోకాలికి, నడుముకి, గుండెకి వచ్చాయి. చల్లదనానికి ఊపిరి ఆగిపోయింది. అక్కడ అడుగు జారింది, కాలికింద ఏమీ తగల్లేదు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఒళ్ళు అన్నీ మర్చిపోయింది. ఉప్పు నోట్లోకి పోయింది. ఒడ్డున దేముడమ్మ పెదాలు గబగబా కదుల్తున్నాయి, గంగమ్మని మొక్కుతున్నట్టుంది. ఈవిడ కళ్ళు తెరిచేసరికి నేను కనపడాలి అనుకుంది కుసుమ. ఒక మనిషి కనపడకుండా పోయాడు చాలు. అప్పుడు చెయ్యి తనంతట తాను చాపుకుంది, రెండోది దాని వెనక వచ్చింది. నడుముకి తాడు లేదు. తండ్రి పక్కన లేడు. కాళ్ళకి మాత్రం అన్నీ తెలుసు.

ఎర్ర ట్యూబు పక్కనుంచే వెళ్ళింది. రాజ్ ముందు ఎవరో అనుకుని పక్కకి జరిగాడు, తరవాత గుర్తుపట్టాడు. ఆమె ఆగలేదు. మగవాళ్ళ గుంపు దాటి, నీళ్ళ రంగు మారే చోటికి వెళ్ళి, వెల్లకిలా తిరిగింది. పైన ఆకాశం, పక్కన కొండ, కొండ మీద ఆ తెల్ల ఇల్లు, దానికి అగ్గిపెట్టంత వంటింటి కిటికీ. అటునుంచి ఎప్పుడూ చూడలేదు దాన్ని. మణికట్టు దగ్గర బెండు ముక్క పక్కన చిన్న చేపపిల్లలా ఎగురుతోంది. ఒడ్డున నీలం చీర లేచి నిలబడి ఉంది. కళ్ళు తెరిచే ఉంది. చెయ్యి ఎండకి అడ్డం పెట్టుకుని ఇటే చూస్తోంది. కుసుమ చెయ్యెత్తింది. ఆవిడా ఎత్తింది. ఆ చేతిలో చెప్పు ఉంది.

చెవులు నీళ్ళలోకి జారాయి. అంతా ఆగిపోయింది.

ఎంతసేపో ఆమె లెక్కపెట్టలేదు. తల తిప్పితే, ఒడ్డున శ్రీరామ్మూర్తిగారు తువ్వాలు భుజాన వేసుకుని, పొట్ట నిమురుకుంటూ కొండ మీదకి చూస్తున్నారు. రాజ్ ఛాతీ లోతులో నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడు. నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. మాట మాత్రం లేదు. ముందుకి ఒక అడుగు వేసి, కింద నేల అందక, గబుక్కున వెనక్కి వేశాడు. ట్యూబు చంకల దాకా ఎగిరింది.

పాపం, ఏమంటున్నాడో విందామని కుసుమ తల పైకెత్తింది.

“ఏమే! తాలం ఏదే? సారొచ్చీసారు! తాలం!” సీతమ్మధార అంతా కొట్టుకుపోయి జాలారిపేట గొంతు బయటపడింది. “పులుసు లోపలుండిపోనాది! బేగి రావే!”

ఆమె చెయ్యి నీళ్ళలోంచి ఎత్తింది. బెండు ముక్క కింద ఇనప తాళంచెవి ఎండలో తళుక్కుమంది. ఎన్నేళ్ళుగానో అనని మాటని, డీలర్లందరికీ, వాళ్ళ భార్యలందరికీ, జోనల్ మేనేజరుకీ వినపడేలా గట్టిగా అంది.

“నా దగ్గరే ఉంది బావా! వచ్చి తీసుకో!”

చెవులు మళ్ళీ నీళ్ళలోకి దించేసుకుంది.